అనంతపురం సెంటర్ నుంచి డౌటు

ఏడాదిన్నర పాటు కాలేజీలో నా పని డౌటు అడగడం. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం పన్నెండూ ముప్పావుకు, అరవై మంది ముందు నిలబడి మైకులో డౌటు అడగాలి. చదువుకునే పిల్లవాడు డౌటు అడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీరనుకోవచ్చు. మా దగ్గర ఉద్యోగమే. నన్ను వేశారు, తర్వాత తీసేశారు కూడా.

మాది ఊరికి దూరంగా హైవే పక్కన కట్టిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. చుట్టూ సెనక్కాయ చేలు. వానొస్తే పచ్చగా, రాకపోతే ఎర్రగా ఉండేవి. నేను చదివిన నాలుగేళ్ళలో ఎక్కువ ఎర్రగానే చూశాను. గార్లదిన్నె దగ్గరి మా పల్లె నుంచి రోజూ వచ్చిపోవడం కుదరక హాస్టల్లో చేరాను. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి, వాటిలో పాఠం చెప్పేవాళ్ళు మాత్రం దొరకడం లేదు.

మొదటి ఏడు మాకు ఎలక్ట్రికల్ చెప్పిన సారు చిలమత్తూరు మనిషి. బోర్డు దగ్గర తక్కువ, బెంచీల మధ్య ఎక్కువ ఉండేవారు. చెబుతూ చెబుతూ వచ్చి మన నోట్సు లాక్కుని, ఎక్కడ రాయడం ఆపేశామో అక్కడ వేలు పెట్టేవారు.

“ఈడ ఆగిపోయినావు కదప్పా. ఏంటికి ఆగినావు?”

తెలీదు సార్ అంటే వదిలేవారు కాదు. “ఏం తెలీదో అదన్నా తెలిసుండల్ల కదా” అని, జరగమని పక్కనే కూర్చునేవారు. క్లాసులో సగం మందికి ఆయన్ని చూస్తే ఒళ్ళు మంట. నాకూ మంటే. ఒక్క పూట కూడా ప్రశాంతంగా కునుకు తీయనిచ్చింది లేదు. వోల్టేజి అంటే తోపు, కరెంటు అంటే పారుదల, తోస్తేనే పారుతాది అని ఆయన చెప్పింది మాత్రం నా బుర్రలో అలాగే నాటుకుపోయింది. ఆ ఏడు చివర్లో ఆయనకు బెంగుళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పోయేరోజు స్వీట్లు పంచారు. మేం పీడ వదిలిందనుకుంటూ తిన్నాం.

ఆయన తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన వారం ఉన్నాడు. ఇంకొకాయన హాస్టల్లో నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడిన వరస చూసి, సంచి కూడా విప్పకుండా అదే బస్సుకు తిరిగి పోయాడు. అప్పుడు మేడ మీద పెద్ద డిష్షు బిగించారు.

రెండో ఏటి నుంచి ముఖ్యమైన సబ్జెక్టులు హైదరాబాదు నుంచి ఉపగ్రహం ద్వారా వస్తాయని చెప్పారు. డ్రాయింగు హాలుకు నీలం కర్టెన్లు కట్టి, గోడకు తెర దించి, పైన ప్రొజెక్టరు వేలాడదీశారు. హైదరాబాదులో ఒక స్టూడియోలో కూర్చుని ఒక సారు పాఠం చెబుతారు. మాలాంటి కాలేజీలు ఇంకా ఎన్నో అదే వేళకు చూస్తుంటాయి. మేం ఆయన్ని చూడొచ్చు, ఆయన మమ్మల్ని చూడలేరు. ప్రతి కాలేజీకీ ఒక మైకు ఇచ్చారు. చివరి పదిహేను నిమిషాలు వరసగా ఒక్కొక్క సెంటరునూ పిలుస్తారు, డౌట్లుంటే మైకులో అడగాలి.

ఇది విని మా నాయన సెనక్కాయ కట్టె మోపు కట్టడం ఆపేశాడు.

“అయితే ఆ సారు నిన్ను చూడడా?”

“చూడలేడు నాయనా. మేమే చూస్తాం.”

“మరి నువ్వు ఇంటాండావో, నిద్రపోతాండావో ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?”

“తెలీదు.”

“తెలీకుండా ఎట్ల చెప్తాడప్పా?” అని కాసేపు నన్నే చూసి, మళ్ళీ మోపు కట్టుకున్నాడు. ఈయనకేం తెలుసు ఉపగ్రహం సంగతి అనుకున్నాను. ఎంత పొగరో అప్పుడు.

న్యాయంగా చెప్పాలంటే టీవీ సారు చెప్పినంత బాగా నాకు జీవితంలో ఎవరూ పాఠం చెప్పలేదు. ముత్యాల్లాంటి చేతిరాత. బొమ్మ గీస్తే స్కేలు పెట్టి గీసినట్టుండేది. గొంతు పెంచరు, విసుక్కోరు, మొన్న ఎక్కడ ఆపామురా అని ముందు బెంచీ వాణ్ణి అడగరు. సరిగ్గా పన్నెండుకు మొదలుపెట్టి, గంట కొట్టేలోపు ముగిస్తారు. చిలమత్తూరు సారు క్లాసులో పావు వంతు తిట్లకే పోయేది. ఇక్కడ తిట్లు లేవు. నోట్సు అందంగా నిండేది. దాన్ని చూసుకుని అర్థమైందనే అనుకునేవాణ్ణి.

ఇబ్బందల్లా గాలి. ఆషాఢంలో మా వైపు గాలి ఎట్లా వీస్తుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. డిష్షు కొంచెం కదిలితే చాలు, తెర మీద సారు ముక్కలు ముక్కలయిపోయేవారు. ల్యాబు టెక్నీషియన్ అన్న మేడెక్కి దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పేవాడు. కింద కిటికీలోంచి మేం అరిచేవాళ్ళం.

“వచ్చినాదా?” అని పైనుంచి.

“రాలే అన్నా. ఇంగొంచెం అటు.”

“ఇప్పుడు?”

“గొంతు వస్తాంది, మొగం రాలే.”

ఒకసారి సారు వేలెత్తి ఏదో చెబుతుండగా బొమ్మ బిగుసుకుపోయింది. వేలు సరిగ్గా నా బెంచీ వైపే ఉంది. పది నిమిషాలు అలాగే నన్ను చూస్తూ ఉండిపోయారు. పక్కవాడు నవ్వి, “లెయ్‌రా, నిన్నే అడుగుతాండాడు” అన్నాడు. నేనూ నవ్వాను. కానీ నిజం చెబుతున్నాను, ఆ పది నిమిషాలూ నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. హాస్టల్లో నాకు పెద్దగా స్నేహితుల్లేరు. అప్పటికి నన్నంతసేపు ఎవరైనా చూసి చాలా రోజులయింది.

ఇక నా ఉద్యోగం సంగతి. మొదటి వారం సారు “అనంతపురం, డౌట్లున్నాయా?” అని అడిగితే మా హాల్లో ఒక్కడూ నోరు విప్పలేదు. అన్ని కాలేజీల వాళ్ళూ అడిగారు, మేం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాం. ఆ సాయంత్రం ప్రిన్సిపాలు గారు అందర్నీ పిలిచి తిట్టారు. తర్వాత ఒక పద్ధతి పెట్టారు. డౌటు ఆయనే తయారు చేస్తారు. లావుపాటి పుస్తకం చివరి అధ్యాయాల్లోంచి ఒక కఠినమైన ప్రశ్న తీసి చీటీ మీద ఇంగ్లీషులో రాసిస్తారు. దాన్ని ఒకడు మైకులో గట్టిగా చదవాలి. జెండా పండుగ రోజు నేనేదో చదివితే గొంతు బాగుందని ఆయనకు గుర్తుంది. అలా నన్ను వేశారు.

“బాగా గట్టిగా అడుగప్పా. మన కాలేజీ పేరు హైదరాబాదులో మోగల్ల” అన్నారు.

మోగింది. మొదటి చీటీ చదవగానే సారు, “అద్భుతమైన ప్రశ్న. అందరూ రాసుకోండి” అన్నారు. హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాలు గారు వెనక నుంచి నా భుజం తట్టారు. ఆ ప్రశ్నలో సగం మాటలకు నాకు అర్థం తెలియదు. సారు చెప్పిన జవాబులో ముప్పాతిక తెలియలేదు. “థాంక్యూ సార్, క్లియర్ సార్” అని కూర్చున్నాను. అది కూడా చీటీలోనే రాసి ఉంది.

నెల తిరిగేసరికి సారు నా గొంతు పట్టేశారు. “అనంతపురం. మన మిత్రుడున్నాడా ఇవాళ? ఏం తెచ్చాడు?” అనేవారు. ఎన్ని కాలేజీలో, ఎన్ని వందల మందో. అందులో ఆయన గుర్తుపట్టి పిలిచింది నన్నే. మంగళవారం వస్తుందంటే సోమవారం చొక్కా ఉతుక్కునేవాణ్ణి. మైకుకు చొక్కా కనబడదని నాకు తెలియక కాదు.

కాలేజీలో నా పేరు పోయి ‘డౌటప్ప’ అయింది. ఎగతాళితో మొదలైనా తర్వాత అందులో కాస్త గౌరవం కూడా చేరింది. పరీక్షల ముందు జూనియర్లు నా గది తలుపు తట్టేవాళ్ళు. “అన్నా, ఈ లెక్క నువ్వే చెప్పల్ల.” నేను నీళ్ళు నమిలేవాణ్ణి. రేపు చెప్తాలే, తలనొప్పిగా ఉండాది, మెస్సుకు టైమయింది, ఇట్లాంటివి. కొన్నాళ్ళకు అన్నకు కొంచెం పొగరు అని పేరొచ్చింది. పొగరనుకున్నా పరవాలేదు, తెలియదని తెలియకపోతే చాలు అనుకుని తలుపు వేసుకుని కూర్చునేవాణ్ణి.

నాకున్న అసలు డౌటు ఒకటే. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో మూడో వారం సారు చెప్పిన ఒక ముక్క. కెపాసిటర్‌లో కరెంటు ముందు వస్తుంది, వోల్టేజి వెనక వస్తుంది అన్నారు. రెండు అలలు గీసి చూపించారు, ఒకటి ముందు, ఒకటి వెనక. అక్కడ ఆగిపోయాను. తోస్తేనే కదా పారేది? తోపు రాకముందే పారుదల ఎట్లా వస్తుంది? సూత్రం కంఠతా పట్టాను, అల గీయడం వచ్చు, అర్థం మాత్రం కాలేదు. ఆ సబ్జెక్టంతా దాని మీదే నిలబడి ఉంది. నేనక్కడ ఆగితే సారు మాత్రం ఆగలేదు. ఆగడానికి ఆయనకెట్లా తెలుస్తుంది?

అటెండెన్సు తీసుకోవడానికి హాల్లో ఒక మేడమ్ కూర్చునేవారు, ఆ ఏడే చదువు ముగించి చేరారు. ధైర్యం చేసి ఆమెను అడిగాను. “టీవీలో సారు చెప్పినారు కదా. మళ్ళా నేనేం చెప్పల్ల?” అని చిన్నబుచ్చుకున్నారు. పైగా డౌటప్ప ఇంత చిన్నది అడుగుతాడేమిటని నావైపు అనుమానంగా చూశారు. నన్ను పరీక్షిస్తున్నావా అన్నట్టుంది ఆ చూపు. మరెవరినీ అడగలేదు.

రెండో ఏటి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక గురువారం ఇక లాభం లేదని నిశ్చయించుకున్నాను. చీటీ జేబులో పెట్టేసి, నా డౌటు నేను తెలుగులోనే అడిగేస్తాను, ఏమైతే అదవుతుంది. రాత్రంతా మనసులో వల్లె వేసుకున్నాను. సార్, తోపు లేకుండా పారుదల ఎట్లా సార్? అంతే, ఒక్క ముక్క.

మైకు పట్టుకున్నాను. ప్రిన్సిపాలు గారు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. తెర మీద సారు కళ్ళజోడు సర్దుకున్నారు.

“అనంతపురం. ఇవాళ అన్ని సెంటర్లూ చప్పటి ప్రశ్నలే అడిగాయి. మన మిత్రుడి కోసమే చూస్తున్నాను. అడుగు నాయనా” అన్నారు.

ఆయన నా కోసం చూస్తున్నానన్నారు. ఆ మాట ఇంకెవరూ నాతో అనలేదు, ఆ ఏడంతా. ఇప్పుడు నేను ఇది అడిగితే ఆయన మొహం ఎట్లా మారుతుందో కళ్ళముందు కనబడింది. నా చెయ్యి జేబులోకి పోయింది. చీటీ తీశాను. “గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్, దిస్ ఈజ్ అనంతపురం సెంటర్” అని గట్టిగా చదివేశాను. అద్భుతం అన్నారు ఆయన. నా అంత పిరికివాడు ఆ జిల్లాలోనే లేడు.

ఆ నెట్‌వర్క్స్ పేపరు తప్పాను. మూడో ఏడు కూడా టీవీలో ఆయనే, మైకులో నేనే. సప్లిమెంటరీ రాసి మళ్ళీ తప్పాను. మిగిలిన పేపర్లు ఎట్లానో గట్టెక్కాయి, ఇదొక్కటే మిగిలింది. మూడో ఏడు ముగిసేలోగా ఇది పాసవకపోతే క్రెడిట్లు చాలక నాలుగో ఏటికి పంపరు. ఏడాది ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత జూనియర్లతో కలిసి చదవాలి. నన్ను లెక్కలు అడిగిన ఆ జూనియర్లతోనే. అది తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

రెండోసారి తప్పిన సంగతి నోటీసు బోర్డెక్కిన రోజు ప్రిన్సిపాలు గారు పిలిచారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఫెయిలైనోడు కాలేజీ తరపున డౌటు ఎట్ల అడుగుతాడప్పా? బయట తెలిస్తే నవ్వుతారు. ఇంగ వేరేవాణ్ణి పెడతాండా” అన్నారు.

మైకు వేరేవాడి చేతికి పోయింది. నేను చివరి బెంచీకి పోయాను. ఆ మంగళవారం సారు ఎప్పటిలాగే, “అనంతపురం. మన మిత్రుడు...” అన్నారు. కొత్తవాడు చీటీ చదివాడు. “గొంతు మారినట్టుందే? ఆ అబ్బాయి రాలేదా?” అన్నారు. కొత్తవాడి చీటీలో దానికి జవాబు లేదు. వాడు వెనక్కి తిరిగి ప్రిన్సిపాలు గారి వైపు చూశాడు. అరవై మందికీ నేనెక్కడ కూర్చున్నానో తెలుసు, ఒక్కడు కూడా ఉన్నాడు సార్ అనలేదు. నేనూ అనలేదు. సారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాతి సెంటరును పిలిచారు.

తర్వాత రెండు క్లాసుల్లోనూ అడిగారు. ఆ తర్వాత మానేశారు.

ఆ రోజుల్లో నాకు మాట పడిపోయినట్టుండేది. మెస్సులో పళ్ళెం పట్టుకుని ఎవరూ లేని చోటు వెతుక్కునేవాణ్ణి. సాయంత్రాలు మేడెక్కి డిష్షు పక్కన కూర్చుని రోడ్డు మీద తాడిపత్రి బండల లారీలు పోవడం చూసేవాణ్ణి. టెక్నీషియన్ అన్న ఒకరోజు పైకొచ్చి బోల్టులు బిగిస్తూ, “ఏమప్పా, ఈ మధ్య నీ గొంతు ఇనపడల్యా?” అన్నాడు. ఆయన ఎప్పుడూ పైనే ఉండేవాడు కాబట్టి కింద జరిగింది ఆయనకు తెలియదు. ఆ స్టూడియో ఎక్కడుంటుందన్నా అని అడిగాను. డిష్షు సరిచేసేటప్పుడు వాళ్ళతోనే ఫోనులో మాట్లాడేవాడు. చిరునామా నా అరచేతి మీద రాసిచ్చాడు.

ఆ పేపరు చివరిసారి రాయడానికి మూడు వారాలుంది. పుస్తకం కొనాలని నాయనకు చెప్పి హైదరాబాదు రైలెక్కాను. దారంతా ఒకటే అనుకుంటూ పోయాను. పోయి చెబుతాను, సార్, అనంతపురం గొంతు నాదే, ఆ డౌట్లు నావి కావు, నా డౌటు ఇదీ అని. తిడితే పడతాను. తిట్టే సారు దొరక్క రెండేళ్ళయింది.

స్టూడియో ఒక యూనివర్సిటీ ఆవరణలో, చింతచెట్ల వెనక పాత మేడలో ఉంది. లోపల నడవాలో బెంచీ మీద కూర్చుని ఒకాయన డబ్బాలో పెరుగన్నం తింటున్నారు. టీవీ సారే. తెర మీద ఆయన తల మా నాయన సెనక్కాయలు మోసే బుట్టంత ఉండేది. ఇక్కడ నాకంటే పొట్టిగా ఉన్నారు. మొహానికి కెమెరా కోసం పూసిన పౌడరు చెమటకు చారలు కట్టి, చొక్కా కాలరుకు అంటింది. నేను నమస్కారం పెట్టి నిలబడ్డాను.

“ఎక్కడినుంచి బాబూ?”

“అనంతపురం సార్. సెంటర్ స్టూడెంటును సార్.”

ఆయన చెంచా పక్కన పెట్టేశారు. మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

“అనంతపురమా. మీ దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు చూడు, మైకులో అడిగేవాడు. నీకు తెలిసే ఉండాలి. ఏం ప్రశ్నలయ్యా అవి. నేను ముందురోజు కూర్చుని తయారయ్యేవాణ్ణి, ఈ కుర్రాడు ఏం అడుగుతాడో అని. ఇక్కడ నాకేముంటుంది, ఒక కెమెరా, ఒక గడియారం, ఎర్రలైటు. లైటు వెలిగితే మాట్లాడాలి. ముప్ఫై ఏళ్ళు క్లాసుల్లో చెప్పినవాణ్ణి, ఇక్కడ దగ్గేవాడు కూడా లేడు. ఆ అబ్బాయి గొంతు వింటే, ఆ, అవతల ఒకడున్నాడు, వింటున్నాడు అనిపించేది. తర్వాత గొంతు మారింది. పాసై వెళ్ళిపోయుంటాడు. ఎక్కడున్నాడిప్పుడు?”

నేను గోడ వైపు చూశాను. ఆ అబ్బాయిని నేనే అంటే ఈ డౌటు అడగలేను. డౌటు అడిగితే ఆ అబ్బాయిని కాలేను. మూడు వారాల్లో పరీక్ష ఉంది.

“ఎక్కడున్నాడో తెలీదు సార్” అన్నాను.

మైకులో ఇంగ్లీషు చీటీ చదివే గొంతు వేరు, నడవాలో తల వంచుకుని నసిగే గొంతు వేరు. ఆయన గుర్తుపట్టలేదు. నేనెందుకు వచ్చానో చెప్పమన్నారు. చెప్పాను. సార్, కెపాసిటర్‌లో తోపు లేకుండా పారుదల ఎట్లా ముందొస్తుంది?

ఆయన నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, ఒక కాగితం మీద అవే రెండు అలలు గీశారు. అవే మాటలు చెప్పారు, తెర మీద చెప్పినట్టే, అంత అందంగానే. చెప్పి తల ఎత్తి నన్ను చూశారు. నేను అలవాటు కొద్దీ క్లియర్ సార్ అనబోయాను.

“కాలేదు. కళ్ళలో తెలుస్తోంది” అన్నారు. కాగితం తిరగేశారు. “మీ వైపు నీళ్ళెట్లా వస్తాయి?”

“ట్యాంకరు సార్. డ్రమ్ములకు పట్టుకుంటాం.”

“సరే. నిండు డ్రమ్ము ఒకటి, ఖాళీ డ్రమ్ము ఒకటి. అడుగున రెంటికీ పైపు బిగించి వదిలావు. మొదటి క్షణం ఖాళీ డ్రమ్ములో మట్టమెంత?”

“ఏమీ లేదు సార్.”

“ధార?”

“జోరుగా ఉంటుంది.”

“మట్టం పెరిగేకొద్దీ?”

“ధార తగ్గుతుంది. రెండూ సమానమైతే ఆగిపోతుంది.”

“ఏది ముందొచ్చింది? ధారా, మట్టమా?”

“ధార” అన్నాను. తోసేది నిండు డ్రమ్ము, అంటే బయటి సోర్సు. నేను ఇన్నాళ్ళూ ఖాళీ డ్రమ్ములో తోపు కోసం వెతుకుతున్నాను. ధార కరెంటు, మట్టం కెపాసిటర్ వోల్టేజి. ధార పారితేనే మట్టం ఎక్కుతుంది. అంతే. రెండేళ్ళు నన్ను తినేసింది ఇదే. ఆయన నా మొహం చూసి కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, దగ్గు వచ్చినట్టు నటించాను.

ఆ పేపరు పాసయ్యాను. అత్తెసరు మార్కులే. కానీ నాలుగో ఏటికి పోయాను, జూనియర్ల పక్కన కూర్చునే గతి తప్పింది. తర్వాతి కాలంలో నేనూ కొన్నాళ్ళు పాఠం చెప్పాను. పాఠం టీవీలో మంచిదా ఎదురుగా మంచిదా అని ఎవరైనా వాదిస్తే నేను నోరు మూసుకుంటాను. టీవీలో చెప్పిందీ, ఎదురుగా చెప్పిందీ ఆ ఒక్క మనిషే. ఆయన మంచి సారు కానిదెప్పుడు?

ఆ రోజు నేను నమస్కారం పెట్టి బయల్దేరుతుంటే లోపల ఎవరో టైమయిందని పిలిచారు. ఆయన లేచి జేబురుమాలుతో మొహం ఒత్తుకుంటూ నాలుగడుగులు వేసి ఆగారు.

“ఇంత చిన్నదానికి ఇంత దూరం వచ్చావా? అక్కడే ఆ అబ్బాయిని అడిగి ఉండాల్సింది కదయ్యా. అతనికి తెలియనిదా ఇది?”

“అడిగి ఉండాల్సింది సార్.”

“ఎప్పుడైనా కనబడితే నేనడిగానని చెప్పు. అతను వెళ్ళాక ఆ క్లాసు చప్పబడిపోయిందని చెప్పు.”

“చెప్తాను సార్” అన్నాను.